నీలం పుల్లలు

వంతెన కొట్టుకుపోయిన వరద తరవాత మూడో ఏడు, ఎండాకాలం. ఆ పొద్దున నా భార్య గిన్నెలు తోముతూ, "చచ్చిపోయిన మొక్క మింగాల్సిన పొగ ఎక్కడికి పోతుందయ్యా?" అని అడిగింది.

నేను సిమెంటు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనివాణ్ణి. "పొద్దున్నే ఏంటే నీ గోల? కూరలో ఉప్పెక్కువైంది, అది చూసుకో" అన్నాను.

దేశం వదిలే పొగకు బదులు చెట్లు పెంచాలన్నారు సర్కారువాళ్లు. మా ఫ్యాక్టరీ పొగకు బదులు ఊరి వెనక కొండ. నా భార్య అక్కడ ఆడవాళ్ల జట్టుకు పెద్ద. జట్టు ఆరువందల మొక్కలు నాటింది. చిన్న మొక్క రోడ్డు మీదికి కనబడదని ఒక్కోదాని పక్కన నీలం రంగు పూసిన పుల్ల పాతారు. మొక్కల లెక్క చూసే మేస్త్రీ రోడ్డు మీదే నిలబడి పుల్లలు లెక్కపెట్టుకుని, అన్ని మొక్కలూ బతికాయని రాసుకునేవాడు. మోసమని కాదు, మొదటినుంచీ అలా అలవాటైపోయింది. రెండు వేసవులు గడిచాయి. మొక్కలు చాలా పోయాయి, పుల్లలు పోలేదు.

ఆమె పొగ సంగతి అడిగిన మర్నాడే పెద్ద ఆఫీసునుంచి తనిఖీ. ఆరువందలూ బతికున్నాయని ఆమె సంతకం పెట్టాలి. మొక్కలు తక్కువ తేలితే ఒక కొలిమి ఆపేస్తారని అందరూ అనుకుంటున్నారు. అది నాదే కావచ్చు.

"పెట్టెయ్ అక్కా. పుల్లలేమన్నా నోరు తెరిచి చెప్తాయా?" అన్నాడట మేస్త్రీ.

"అవి చెప్పవులే తమ్ముడూ. నన్నడిగితే?"

"నిన్నెవరడుగుతారక్కా!"

ఆమె మనసులో ఏముందో నాకెలా తెలుసంటే, ఆమే చెప్పింది. ఎన్నోసార్లు చెప్పింది. విననట్టు కూర్చుని విన్నాను. మొక్కల కొలతలకు వచ్చిన అమ్మాయి ఒకసారి ఆమెకు ఆ పథకం కాగితం చదివి వినిపించిందట. ఒక్కో చెట్టూ నలభై ఏళ్లు పొగ పీలుస్తుందని అందులో ఉంది. "మరి నీళ్లెవరు పోస్తారమ్మా?" అంటే ఆ పిల్ల కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి, "అది రాయలేదు పిన్నీ. పెరుగుతాయి అని ఉంది" అందట. పెరుగుతాయి. ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఈ ఇంట్లో పిల్లలు పెరిగారు, అన్నం ఉడికింది, బట్టలు ఆరాయి, అన్నీ వాటంతటవే. "ఇంటి పట్టున ఉండేదానికి పనేముంటుంది" అనేది మా అమ్మ. నాటినందుకు కూలి ఇచ్చారు, నీళ్లు మోసినందుకు లేదు. కింది తొట్టినుంచి రెండు డబ్బాలతో రెండేళ్లు కొండెక్కింది. ఒకనాడు భుజం పట్టేసిందంటే, "నీళ్లు పోయడం కూడా ఒక పనేనా? చెయ్యి వంచితే పడతాయి" అన్నాను. ఇప్పుడు సంతకం పెడితే అక్కడ లేని చెట్టు పేరు చెప్పుకుని కొలిమి పొగ వదులుతూనే ఉంటుంది. పెట్టకపోతే మొగుడి పని పోతుంది. అసలు ఆరువందలూ బతికున్నా ఆ పొగకు ఏ మూలకొస్తాయి? వారం రోజులుగా గిన్నె తోమి మళ్లీ అదే గిన్నె తోమేది.

ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా కొండెక్కింది. పొద్దు వాలేవేళ పుల్లల మోపు తెచ్చి నా ముందు దించింది. చేతులు గీరుకుపోయి ఉన్నాయి.

"ఇవన్నీ చచ్చినవి. బతికినవి నూట డెబ్భై మూడు. రేపు దానికే సంతకం పెడతాను."

"నా పని పోతుందే."

"తెలుసు. పొద్దున కూరలో రెండుసార్లు ఉప్పేశాను. ఎందుకేశావని అడిగావా?"

ఆమె మోపు గోడకు చేరేసి, చేతులు కడుక్కోడానికి దొడ్లోకి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె మోపు నెత్తికెత్తుకుని తనిఖీకి కొండ మీదికి బయల్దేరింది. నేను డబ్బాలు తీసుకుని వెనకాల నడిచాను. తొట్టి దగ్గర నింపుకుని కొండెక్కేసరికి మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. పైన మొదటి మొక్క దగ్గర డబ్బా దించి, "ఒక్కోదానికి ఎన్ని నీళ్లు పొయ్యాలి?" అని అడిగాను.