బావగారి విదేశీ జ్వరం

బావగారు పది రోజుల ద్వీపయాత్ర ముగించుకుని రెండు పెట్టెలతో, ఎనిమిది వందల ఫోటోలతో, నూట మూడు జ్వరంతో దిగారు. ఫోటోల సంగతి వీధంతా చాటారు. జ్వరానికి మాత్రం "విమానంలో ఏసీ పడలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మరదలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజుకు అరవైమందికి సూది గుచ్చే మనిషే అయినా, బావగారి దృష్టిలో ఇంకా చిన్నపిల్లే. చూడటానికి వచ్చినప్పుడు ఆయన కళ్ల వెనక నొప్పిగా ఉందంటుంటే అనుమానం వచ్చింది.

"బావగారూ, అక్కడ దోమలు కుట్టాయా?"

"మేం దిగింది ఫైవ్ స్టార్ హోటల్లో అమ్మాయ్! రాత్రిళ్లు తలుపులు బిగించుకునే పడుకున్నాం."

"డెంగీ దోమ పగలు కుడుతుంది."

ఆయన నవ్వేసి ఒళ్లునొప్పుల మాత్ర వేసుకోబోయారు. మరదలు లాక్కుంది. "ఇది వేసుకుంటే రక్తం కారే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ చాలు." ఆ ఊపులోనే సంచిలోంచి సూది తీసి, ఆయన చెయ్యి పట్టుకుని రక్తం తీసేసింది.

మర్నాడు డెంగీ అని తేలింది.

"ఇక్కడిదా, అక్కడిదా?" అని ఆత్రంగా అడిగారు.

"మీరు దిగిన రోజే జ్వరం ఉందిగా, అక్కడిదే."

ఆయన మొహం వెలిగిపోయింది. "మామూలు జ్వరం కాదండీ, విదేశాలది" అని అందరికీ ఫోన్లు చేశారు. మిమ్మల్ని కుట్టిన దోమ పక్కింటివాళ్లని కుడితే వాళ్లకీ అంటుకుంటుందని మరదలు దోమతెర కట్టిస్తే, అందులో మహారాజులా కూర్చుని ఫోటోలు చూపించారు.

అయిదో రోజు జ్వరం దిగింది. గడ్డం గీసుకుని ఆఫీసుకు బయలుదేరుతుంటే మరదలు ఫోన్ చేసింది.

"కడుపునొప్పి ఉందా?"

"నిన్నట్నుంచి కాస్త ఉందిలే."

"బూట్లు విప్పండి. జ్వరం దిగాకే అసలు గండం. ఆసుపత్రికి పదండి."

ప్లేట్‌లెట్లు ముప్ఫై వేలకు పడిపోయాయి. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. చిన్నపిల్ల మాట చెవిన పెట్టని పెద్దమనిషి, సీసా మార్చినప్పుడల్లా "అమ్మాయ్, ఫర్వాలేదంటావా?" అని ఆమె కొంగు వదల్లేదు. ఆమె సెలవు పెట్టి పక్కనే కూర్చుంది. మూడో రోజు ప్లేట్‌లెట్ల అంకె పైకి కదిలాక గానీ ఆమెకు ముద్ద దిగలేదు.

ఇంటికొచ్చాక పలకరించేవాళ్లు వచ్చారు. హాల్లోంచి బావగారి గొంతు ఖంగున మోగింది. "నాకు మొదట్లోనే అనుమానమండీ! మా మరదల్ని పిలిచి నేనే పరీక్ష చేయించుకున్నాను."

వంటింట్లో అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "పోనీలేవే, మనిషి దక్కాడు."

"దక్కాడక్కా. నోటితో సహా దక్కాడు."