సున్నా గూట్లో బోడుప్పల్

సూర్యకళ అప్పటికి నూట పన్నెండో లైను మారుస్తోంది. ఎడమవైపు పాత ప్రోగ్రాము ప్రింటు, ఒళ్లో విప్పితే మూసుకుపోయే లావుపాటి పుస్తకం. చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో నీటిమట్టం లెక్కగట్టే ఆ నాచారం ఆఫీసులో పాత కంప్యూటరును మర్నాడు తీసేస్తారు. అందులోని ప్రోగ్రాములు ఆక్ అనే కంప్యూటరు భాషలో ఉన్నాయి. వాటిని మూడు నెలలుగా ఒక్కొక్కటే పెర్ల్ అనే మరో భాషలోకి దించుతోంది. అన్నిటికంటే ముందు దించింది బావుల పట్టిక ప్రోగ్రాము; అప్పట్నుంచీ లెక్కలు దాంతోనే తీస్తున్నారు. రెండూ చూడటానికి అక్కచెల్లెళ్లే గానీ కాపురాలు వేరు.

ముప్పై నాలుగేళ్ల మనిషి. టైపు హయ్యరు పాసై ఆరు ఆఫీసుల్లో కాంట్రాక్టు మీద పనిచేసింది. ఎక్కడైనా పని చేతికి అలవాటయ్యేసరికి గడువు ముగిసేది. అయినా ఏ యంత్రం ముందు కూర్చోబెట్టినా దాని పొట్టలో ఏముందో చూడందే ఆమెకు అన్నం సయించదు. అదో పిచ్చి. ఇక్కడి గడువు కూడా ఆ రోజుతోనే సరి. పొడిగించే కాగితం ఆఫీసరు జనార్ధనరావు బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది.

పదకొండింటికి ఆయన ఆమెను పిలిచాడు. ఎదురుగా గండయ్య నిలబడి ఉన్నాడు. సైకిలు మీద తిరుగుతూ బావుల్లోకి టేపు వదిలి నీళ్ల లోతు రాసుకొచ్చే మనిషి. మోకాళ్ల దాకా దుమ్ము.

"మూడు నెలలుగా బోడుప్పల్ బావి లెక్కే లేదు. నీ సొంతూరే, అయినా వెళ్లవు. రేపట్నుంచి రావద్దు" అంటున్నాడు జనార్ధనరావు, కొత్త ప్రింటు చూపిస్తూ.

"పోయిన సారూ, చీటీలు గూడ ఇచ్చిన. పన్నెండు మీటర్ల కిందికి పోయినయ్ నీళ్లు. మిషన్ల ఎందుకు లేదో నాకేం ఎర్క?"

సూర్యకళకు పాపమనిపించింది. నిజం చెప్పాలంటే, అంతకంటే ముందు వింతగా అనిపించింది. తక్కిన నలభై ఊళ్లూ ఉన్నాయి. బోడుప్పల్ ఒక్కటే ఎందుకు పోయింది?

"జర కూసో గండన్నా" అని సీటుకు వెళ్లింది.

బోడుప్పల్, మేడిపల్లి, పోచారం అని మూడు పేర్లే రెండు ప్రోగ్రాములకూ ఇచ్చింది. పాతది మూడూ చెప్పింది. కొత్తది మేడిపల్లి నుంచి మొదలుపెట్టింది. పోచారాన్ని ముందు పెడితే పోచారం పోయింది. ఓహో, ఏ ఊరైనా ముందుంటే మాయం! ఆఫీసు పట్టికలో ముందుండేది బోడుప్పలే. పుస్తకం తిరగేసింది. పేర్లను విడదీసి వరుస గూళ్లలో పెట్టేటప్పుడు ఆక్ ఒకటో గూటి నుంచి మొదలుపెడుతుంది, పెర్ల్ సున్నా గూటి నుంచి. తాను మాత్రం పాత అలవాటు కొద్దీ ఒకటి నుంచే చదవమని రాసింది. సున్నా గూట్లో బోడుప్పల్ భద్రంగానే ఉంది. చూసే దిక్కే లేదు.

భలే ఉందే అని నవ్వుకుంది. ఆ వెంటనే గుబులు పుట్టింది. చప్పుడు చేయకుండా సరిదిద్దేస్తే రేపటి నుంచి అన్నీ బాగానే వస్తాయి. మూడు నెలల మచ్చ మాత్రం గండయ్యకు ఉండిపోతుంది. ప్రింట్లు రెండూ తీసుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాది సార్. గండన్న చీటీలన్నీ ఎక్కినయ్. మిషన్ వాటిని చదవకుండ ప్రోగ్రాము రాసింది నేనే."

జనార్ధనరావు ప్రింట్లు పోల్చి చూశాడు. గండయ్యను పనికి పొమ్మన్నాడు. సంతకం చేయని కాగితాన్ని సొరుగులో వేశాడు.

"ఆ తప్పు లెక్కలు పై ఆఫీసుకు వెళ్లిపోయాయమ్మా. నన్నేం చేయమంటావు?"

గుమ్మం దగ్గర గండయ్య ఆగాడు. "నా కోసం నీ నౌకరీ పోగొట్టుకుంటివి గద చెల్లె."

"బాయి కాడికి పోయినోన్ని పోలేదంటే ఎట్లన్నా."

కళ్లు తుడుచుకుని, సాయంత్రంలోగా మిగిలిన ప్రోగ్రాములన్నీ పూర్తిచేసి, రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి సరిచూసి, ఐదున్నరకు ఉప్పల్ బస్సెక్కింది.

మర్నాడు ఆ సీట్లో కొత్తగా చేరిన రత్నకుమారి కూర్చుంది. కొత్త కంప్యూటరు మానిటరు అంచున చిన్న చీటీ: "ఇక్కడ లెక్క సున్నా నుంచి." చదివి, తీసి పుస్తకంలో పెట్టుకుంది. చీటీని అంటించిన ఎర్ర బొట్టుబిళ్ల మాత్రం గాజు మీదే ఉండిపోయింది.