దర్జీ అత్త టేపు

పొద్దున షట్టరు ఎత్తగానే దర్జీ అత్త చేసే మొదటి పని టేపు సరిచూసుకోవడం. ఆ టేపు ఇవాళ్టి కొలత చెప్పదు, రాబోయే కొలత చెబుతుంది. ఒక్కోరోజు నెల ముందుకి పోతుంది, ఒక్కోరోజు ఏడాది. అందుకని ఇంట్లో ఒకరి నడుం కొలిచి, ఎంత దూరం పోయిందో అంచనా కట్టాకే గిరాకీలని రానిస్తుంది. ఎదిగే పిల్లలున్నవాళ్లంతా బట్టలు ఇక్కడే కుట్టించుకుంటారు మరి.

ఆ పొద్దున కోడలికి కాలు నిలవడం లేదు. రెండేళ్లుగా ఆమె చర్మానికి లూపస్ అనే జబ్బు. వేళ్ల మీదా, మణికట్ల మీదా చర్మం దళసరి కట్టి గరుగ్గా బిళ్లలుగా లేచింది. సూది జారిపోతోందని కాజాలు కుట్టడం మానేసి ఏడాదైంది. నిన్ననే చర్మం డాక్టరమ్మ కొత్త గుళికలు ఇచ్చింది.

"ఇది విటమిన్ ఎ జాతి మందు, ఈ దళసరిని పలచబరుస్తుంది. పరీక్షలో గర్భం లేదనే వచ్చింది. అయినా నెలసరి వచ్చిన రెండోరోజే మొదలుపెట్టు. కడుపులో బిడ్డుంటే ఈ మందు బిడ్డకి చాలా ప్రమాదం" అని మరీ మరీ చెప్పింది.

పెళ్లై ఎనిమిదేళ్లు. బిడ్డ మీద ఆశ కోడలు ఎప్పుడో వదిలేసుకుంది. లేదని పరీక్షే చెప్పాక ఇంకా ఆగడమెందుకు?

"ఇవాళే వేసేసుకుంటా అత్తయ్యా. మీ కోట్లన్నిటికీ కాజాలు ఇక నావే, చూస్తూ ఉండండి."

"కుడుదువుగానిలే. ముందిలా రా, టేపు చూడాలి."

ఒక చేత్తో గుళిక, ఇంకో చేత్తో నీళ్లగ్లాసు ఎత్తి పట్టుకుని నిలబడింది కోడలు. ఆమె నడుం ఎప్పుడూ ఇరవై ఎనిమిదే. అత్త చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.

"నలభై ఒకటి."

"అంత లావైపోతానా ఏంటి?"

అత్త ఈసారి చెయ్యి కొలిచింది. ఉన్నంతే ఉంది. మెడ కొలిచింది. అదీ అంతే.

"నడుమొక్కటే పెరిగిందే తల్లీ" అంది. "ఆ గుళిక ఇలా ఇచ్చెయ్."

పది రోజులకి చేసిన రెండో పరీక్షలో గర్భమేనని తేలింది. డాక్టరమ్మ గుళికలు వెనక్కి తీసుకుని, కడుపుతో ఉన్నవాళ్లు వాడదగ్గ బిళ్లలూ, పూతమందూ రాసింది.

"ఇవి నిదానంగా పనిచేస్తాయి. ఓపిక పట్టాలమ్మా."

"పడతానండీ" అంది కోడలు, ఏడుస్తూ నవ్వుతూ.

ఆ మధ్యాహ్నం కోడలు జానెడు చొక్కాకి కాజా కుట్టబోతే సూది మూడుసార్లు జారింది. నాలుగోసారి కుదిరింది, వంకరగానే. దుకాణంలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ, అడక్కపోయినా, "నలభై ఒకటి" అని చెప్పింది. ఏమిటని ఎవరూ అడగలేదు. టేపు సంగతి వాళ్లకి తెలుసు.