వట్టి చేతుల వేట

మన్యంలో పితూరీ అణిగిన మరుసటి ఏడు, విల్లులు పట్టుకుని జనం గుమిగూడకూడదని మా అరకు వైపు ఉత్తరువు వచ్చింది. పూజలకు మాత్రం అడ్డు లేదు. సంతలో ఉప్పు అమ్ముకునే నాకు కొండవాళ్లతో పరిచయం ఉందని, చైత్రంలో విత్తనాలకు ముందు వాళ్లు చేసే ఇటుకల పండగ నాడు జమేదారు గణపతిరావు నన్ను భీముడి ఊరికి వెంటబెట్టుకుపోయాడు.

"మీ పండగ పూజా, వేటా? ఒక్కటి చెప్పు," అన్నాడు ఊరిపెద్ద భీముడితో.

"యేట యేటే బాబూ. జంతువు నెత్తురు కలిపితేనే ఇత్తనం సల్లుతాం. నేకపోతే గింజ ముట్టం."

"అంటే వేట."

"కొండదేవతకి సెప్పే పోతాం."

"అంటే పూజ."

"విల్లు నేకుండా ఏటి సెప్తాం?"

గణపతిరావు నెత్తి పట్టుకున్నాడు. నేను భీముణ్ణి పక్కకు లాగి, "పూజ అనేయరాదా? పని జరిగిపోతుంది," అన్నాను.

"పని జరుగుద్దంటే నీ కొడుకుని అల్లుడని సెప్తావేటి, సావుకారీ?"

నాకూ విసుగొచ్చింది. తొలకరి దగ్గర పడుతోంది. గింజ పడకపోతే ఆ ఏడు ఊరికి చోడి అంబలి కూడా ఉండదు.

చివరికి జమేదారే పూజ అని తేల్చేశాడు. విల్లులు ఇళ్లలో పెట్టించి, మగవాళ్లను కొండ ఎక్కించి, నాతోపాటు తానూ వచ్చాడు. దేవత రాయి ముందు అందరూ ఊరికే నిలబడ్డారు. దిగి వచ్చాం.

ఊరి మొదట ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ వేసి నిలబడ్డారు. భీముడి పెళ్లాం సోములమ్మ అడిగింది: "మాంసమేది?"

పేడనీళ్ల కుండలు లేచాయి. పండగ నాడు కొండకు పోయి వట్టి చేతులతో దిగిన మగవాడికి అక్కడ జరిగే మర్యాద అదే. అందరికన్నా ముందు నడుస్తున్నది జమేదారు.

"నేను సర్కారు మనిషినే!"

"అయితే ఏటి? మగోడివి కావేటి? మాంసం తే, దారిత్తాం."

గుంట పిల్లలు పకపకా నవ్వారు. తరువాతి కుండ నా మీద పడింది. భీముడు మాత్రం నవ్వలేదు. "మళ్లీ పంపు బాబూ. ఇత్తనం అలాగే ఉండిపోనాది," అన్నాడు.

తలపాగా పిండుకుంటూ గణపతిరావు అరిచాడు: "పొండి! విల్లులు తీసుకునే పొండి! ఎవరైనా అడిగితే పూజ అనండి!"

"యేట అంటాం," అన్నాడు భీముడు, విల్లు కోసం ఇంట్లోకి పోతూ.

పేడ వదిలించుకోవడానికి వాగులో మునుగుతుంటే నా దసరా గుర్తొచ్చింది. ఏటా అమ్మవారి ముందు కత్తి, తక్కెడ పెట్టి కుంకుమ వేస్తాను. అది పూజా, ఆయుధమా అని నన్ను ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదు తల్లీ?

పొద్దు వాలకముందే మగవాళ్లు ఒక కుందేలుతో కొండ దిగారు. సోములమ్మ దుంగ తప్పించింది. విత్తనాల బుట్టలో నెత్తురు కలుపుతుంటే గణపతిరావు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమైనా ఇది పూజే," అని గొణిగాడు.