ఒక్కరికే చోటు

శుక్రవారం పెసల్లోకి మునగాకు దూస్తూ ఉండగా ఫోన్ మోగింది. రక్తనిధి ల్యాబ్ నుంచి అక్కడి ఇన్‌చార్జి మామ్ కొన్సోర్సియా. సర్వర్ ల్యాబ్‌లో ఎవరినీ గుర్తుపట్టడం లేదట. గిమారస్ దీవి నుంచి పడవలో తెచ్చిన బాలింతకు రక్తస్రావం ఆగడం లేదట. పరీక్షలు పూర్తయిన రక్తం సంచులేవో కంప్యూటర్‌లో చూడనిదే ఒక్కటీ ఇవ్వకూడదు.

"పదకొండు దాటితే ఆమె మనకి దక్కదు, ఇందయ్," అందావిడ.

చేతులు తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. రక్తం వివరాలు చెక్కుచెదరలేదు. పాడైంది మాస్టర్. ఎవరిని లోపలికి రానివ్వాలో సర్వర్ గుర్తుపెట్టుకునే డేటాబేస్ అది. అందులో పేర్లన్నీ పోయి రెండే మిగిలాయి. ఒకటి నాది. రెండోది చదవకుండానే ఆదివారం బ్యాకప్ వెతికాను. దాన్ని తిరిగి ఎక్కించాలంటే ఒక్కరికే చోటుండేలా సర్వర్‌ను లేపాలి. ఎవరు ముందు దూరితే వాళ్లదే ఆ చోటు.

లేపాను. లోపల ఎవరో ఉన్నారని నన్ను రానివ్వలేదు. ఆపి మళ్లీ లేపాను. మళ్లీ అంతే. ఎవరు దూరారో సర్వర్ రాసుకునే చిట్టా తెరిచాను.

దెల్ఫిన్. నేను మనోంగ్ అని పిలిచే మా అన్న.

మార్చిలో ల్యాబ్ వాళ్లు అతన్ని తీసేసి, సర్వర్ చూసుకునే పని నాకిచ్చారు. మొదటిరోజే అతని పేరు కొట్టెయ్యాల్సింది నేను. ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి పేరు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

గుడ్డతెర అవతలి గదిలో కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది. తెర తొలగించాను.

"మనోంగ్, లోపలున్నది నువ్వేనా?"

అన్న తలెత్తలేదు. "నా పేరొక్కటే తీసేద్దామనుకున్నా. మిగతావీ కొట్టుకుపోయాయి. సరిచేస్తున్నాలే."

"బయటికి రా."

"పది నిమిషాలాగు. ఆ పని నీకు నేర్పిందెవరు, ఇందయ్? ఇప్పుడు నన్నే పొమ్మంటున్నావా?"

"అక్కడ మనిషి పోయేలా ఉంది, మనోంగ్. ఇరవై నిమిషాలే ఉంది."

అన్న తన ల్యాప్‌టాప్ మూసేశాడు.

మూడోసారి లోపలికి వెళ్లగలిగాను. బ్యాకప్ ఎక్కగానే సర్వర్ తనంతట తానే ఆగిపోయింది. ఆగాల్సిందే, అది దాని పద్ధతి. మామూలుగా లేపాను. పేర్లన్నీ తిరిగొచ్చాయి. అన్నదీ ఉంది.

పదకొండుకి ఎనిమిది నిమిషాలుండగా నాలుగు సంచులు ఆపరేషన్ గదికి వెళ్లాయి. ఆ సంగతి చెప్పడానికి మామ్ కొన్సోర్సియా మళ్లీ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచాను. పేర్లు ఎవరు తుడిచారో తేలేలా చిట్టా వెంటనే పంపమన్నారట ఆసుపత్రి డైరెక్టర్.

"నీకు తెలుసా ఎవరో?" అని అడిగింది.

తెర కదిలింది. అన్న చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు.

"తెలుసు, మామ్. చిట్టా పంపుతున్నాను," అన్నాను.

పెసలు ఉడికాయి, తినేసి వెళ్లమని వంటింట్లోంచి అమ్మ పిలిచింది. అన్న ఆగలేదు, నా వైపు చూడలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.