నడిమి నిలకడ

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు అరవై ఆరో ఏట వచ్చాయి. వత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పి ఉంటే మన్నించండి. ఈ కాసిని కాగితాలు నింపడానికి ఇరవై రెండు రోజులు పట్టింది, ఆ ఆలస్యాన్ని కూడా మన్నించండి. ఇది మా కోడలు భువన కథ. ఇందులో నేనూ ఉన్నాను గానీ, "నేను" అని రాస్తే కథ నా వైపు తిరిగిపోతుందని "అత్త" అనే రాసుకున్నాను.

భువనకు నలభై నాలుగేళ్ళు. సింగపూరులో, రాఫెల్స్ ప్లేసులో ఒక బ్యాంకులో ఉద్యోగం. ఆమె జపాను కత్తిసాము నేర్చుకుంటోందని తెలిసి కర్నూలు చుట్టాలు ఫోన్లు చేసి మరీ నవ్వారు. మొగుడితో పోట్లాడ్డానికి కత్తి కూడా కావలసి వచ్చిందా అని ఒకరు, ఈ వయసులో కాళ్ళు చేతులు విరిగితే చేసేదెవరని ఇంకొకరు. భువన అందరికీ అవునవునని చెప్పి ఫోను పెట్టేసేది, సంచీ భుజాన వేసుకుని సాముకు పోయేది.

అది నిజం కత్తి కాదు. నాలుగు వెదురు బద్దలను తోలుతో బిగించి కట్టిన కత్తి. తలకు ఇనుప కమ్మీల ముసుగు, చేతులకు మందపాటి తొడుగులు, నీలిమందు రంగు బట్టలు, ఉత్త కాళ్ళు. ఆ విద్యను కెండో అంటారు. అందులో కొట్టడం కన్నా ముందు నిలబడడం నేర్పుతారు. కత్తి పట్టి నిలబడే తీరుకు వాళ్ళ మాటలో కమాయె అని పేరు. అత్త దాన్ని నిలకడ అనేది, పోనుపోను ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. కత్తిని తల మీదికెత్తితే పై నిలకడ. మొనను మోకాటి కిందికి దించితే కింది నిలకడ. రెంటికీ నడుమ, ఎడమ పిడికిలి బొడ్డుకు పిడికెడు దూరంలో పెట్టి, మొనను ఎదుటి మనిషి గొంతుకు గురిపెడితే నడిమి నిలకడ. తక్కినవన్నీ దాని పిల్లలే.

పై నిలకడ ఇంట్లో కుదరదు, ఫ్యాను తగులుతుంది. అందుకని భువన పొద్దున్నే లిఫ్టు దిగి, బ్లాకు కింద స్తంభాల నడుమ ఉన్న ఖాళీ జాగాలో సాధన చేసేది. అత్త పక్కన రాతి బల్ల మీద కూర్చునేది. కూరగాయల సంచులతో పోయే ముసలమ్మలు కాసేపు ఆగి, చూసి వెళ్ళేవాళ్ళు.

ఇంత చేసినా మొదటి దాన్ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఆ మెట్టు ఎక్కితే తప్ప ఆ విద్యలో మనిషిని లెక్కలోకి తీసుకోరు. రెండోసారి తప్పినప్పుడు ఆమె గురువు లిమ్ గారు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. నీ కత్తిని కుడిచెయ్యి మోస్తోంది, ఎడమచెయ్యి ఊరికే వేలాడుతోంది అన్నాడు. పిడి చివర పట్టే ఎడమచెయ్యిదే బలమంతా అట. కుడిచెయ్యి గుడ్డును పట్టుకున్నట్టు మెత్తగా పట్టి దారి చూపితే చాలట.

భువనకు ఆ మాట గుచ్చుకుంది. పుట్టినప్పటి నుంచి ఎడమచేత్తో ఒకరికి ఇచ్చింది లేదు, ఒకరి దగ్గర పుచ్చుకున్నది లేదు. పొరపాటున చాపితే తల్లి చేతి మీద ఒకటి వేసేది. ఆ సంగతి చెబితే లిమ్ గారు నవ్వలేదు. ఏడాది పాటు రోజూ మూడు వందలసార్లు ఒక్క ఎడమచేత్తోనే కత్తి తిప్పమన్నాడు. మూడోసారి కూడా తప్పితే సంచీ మంచం కిందికి తోసి, ఇక ఆ పేరు ఎత్తనని భువన ఇంట్లో చెప్పేసింది. ఊరికే బెదిరించే మనిషి కాదామె.

ఏడాది తిరిగేసరికి ఎడమ మణికట్టు కుడిదాని కన్నా లావైంది. ఒకరోజు కింద సాధన చూస్తూ చూస్తూ అత్త అంది:

"మే భువనా, ఎడమచెయ్యి పని నేర్చింది గదా. ఇంక కుడిచెయ్యి పెత్తనం మానుకోవల్ల."

"పెత్తనం మానుకోవడం అత్తలు చేసే పనేనా, అత్తా?" అంది భువన, కత్తి దించకుండానే.

పరీక్ష ఆదివారం వచ్చింది. మొగుడు చక్రధర్ జురాంగ్ ఐలాండులో తన ఫ్యాక్టరీ షిఫ్టు మార్పించుకున్నాడు. కూతురు అనన్య ఫోను పట్టుకుని, పైన గ్యాలరీలో ముందు వరుసలో అత్త పక్కన కూర్చుంది. కింద చెక్క నేల మీద అరవై మంది దాకా ఉన్నారు, సగానికి సగం అనన్య ఈడు పిల్లలు. భువన నడుముకు ముప్పై ఏడో నంబరు కట్టారు. బల్ల వెనక అయిదుగురు పరీక్షకులు. అందరిలోకీ పెద్దాయన జపాను నుంచి వచ్చాడు, కనుబొమలు కూడా నెరిసిపోయాయి. అయిదుగురిలో ముగ్గురు అవునంటే నెగ్గినట్టు.

ఎదురుగా నిలబడ్డ కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయి, భువన కన్నా జానెడు పొడవు. ఇద్దరూ వంగి నమస్కరించుకున్నారు, కత్తులు దూసి గొంతుక్కూర్చున్నారు, లేచారు. నడిమి నిలకడ. కమ్మీల వెనక భువనకు తన ఊపిరి తనకే వినిపిస్తోంది. కుర్రాడు అరుస్తూ రెండుసార్లు ముందుకొచ్చాడు. రెండుసార్లూ భువన మొన అతని గొంతు దగ్గర నుంచి కదల్లేదు, అతనే పక్కకు తప్పుకున్నాడు. మూడోసారి అతను తల మీద కొట్టడానికి కత్తి ఎత్తబోతుండగా భువన ఎడమచెయ్యి దానంతటదే విసురుగా కదిలింది. ఏడాదంతా తిప్పిన చెయ్యి. ఆ విసురుకు కుర్రాడి కత్తి చేతుల్లోంచి జారి, నేల మీద టపటపా దొర్లి, వచ్చి భువన కుడిపాదానికి తగిలింది.

ఎదుటివాడి కత్తి పడిపోతే వెంటనే కొట్టవచ్చు. తప్పేమీ కాదు, నియమమే. హాలంతా ఆ దెబ్బ కోసమే చూస్తోంది.

భువన వంగింది. తన కత్తిని ఎడమచేతికి వదిలేసి, కుడిచేత్తో కిందపడ్డ కత్తిని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. కళ్ళకెక్కడ, తొడుగు వేసిన చెయ్యి ఇనుప కమ్మీలకు తగిలి టంగుమంది. పుస్తకం కాలికి తగిలినా, చేట తగిలినా, ఆయుధం తగిలినా మనకు చెయ్యి ముందు పోతుంది, బుద్ధి తర్వాత వస్తుంది.

పైన ఎవరో కిసుక్కుమన్నారు. భువనకు అప్పుడు తెలిసింది తానేం చేసిందో. రెండేళ్ళ సాధన, ఏడాది ఎడమచెయ్యి, అంతా ఒక దండం కింద పోయిందనుకుంది. పోతే పోనీ, నిలబడడం మాత్రం తప్పుగా నిలబడను అనుకుంది. రెండడుగులు వెనక్కి వేసింది. ఎడమ పిడికిలి బొడ్డు ముందుకు తెచ్చింది. మొన ఎత్తింది. కుర్రాడు తడబడుతూ వంగి, కత్తి తీసుకుని, తొడుగు సర్దుకుని లేచేదాకా ఆ మొన వెంట్రుకవాసి కూడా చలించలేదు. తర్వాత వాడు ముందుకు కదలగానే తల మీద ఒకే ఒక్క దెబ్బ వేసింది. ఆ అరుపుకు అనన్య చేతిలో ఫోను ఎగిరిపడింది.

ఫలితాలు గోడకు అంటించేలోపు ఇంటివాళ్ళంతా మెట్ల దగ్గర చేరారు. చక్రధర్ నీళ్ళ సీసా అందించాడు.

"అమ్మా, యూ ప్రేడ్ టు హిజ్ స్టిక్ లా," అంది అనన్య సింగపూరు ఇంగ్లీషులో.

భువన తల వంచుకుని చెమట తుడుచుకుంది. అత్త ఆమె పక్కన కూలబడి, "మొక్కినావు సరే, అది నీ చేతిలో లేదు. మళ్ళ లేసి నిలబడినావు జూడు, ఆ నిలబడేది నేను జూసినా," అంది.

గోడ మీద ముప్పై ఏడు ఉంది. చక్రధర్ మూడుసార్లు చదివి, నమ్మకం కుదరక ఫోటో తీసి పెద్దది చేసి చూశాడు.

ఇంకా చెక్క కత్తులతో, ముందే కట్టిన కదలికల వరుసలు ఇద్దరిద్దరుగా చేసి చూపాలి. మొదటి వరుస పై నిలకడ, రెండోది నడిమి నిలకడ. మూడోది కింది నిలకడ. అందులో దెబ్బే ఉండదు. ఎదుటి మనిషి రొమ్మును పొడవబోతే, ఆ పోటును మెత్తగా లాగేసుకుని, మొనను అతని మొహానికి గురిపెట్టి అడుగులో అడుగు వేస్తూ వెనక్కి నడిపించాలి. భువన నడిపించింది. ఎదుట ఉన్నది మళ్ళీ ఆ పొడుగు కుర్రాడే. వాడు వెనక్కి పోతుంటే పైన కూర్చున్న అత్తకు ఊపిరి తీసుకోవడం గుర్తు రాలేదు.

వరుసల్లోనూ నెగ్గి, అంతా ముగిశాక భువన నమస్కరించి, తన తప్పేమిటో చెప్పమని పెద్ద పరీక్షకుణ్ణి అడిగింది. ఆయన మాటను లిమ్ గారు ఇంగ్లీషులో చెప్పాడు. కత్తికి మొక్కడం తప్పు కాదట, తమ దేశంలోనూ కత్తిని ఎవరూ దాటి పోరట. కానీ మొక్కేటప్పుడు ఆమె సొంత కత్తి మొన నేల చూసిందట, ఆ క్షణంలో చిన్నపిల్ల కూడా ఆమెను కొట్టగలదట. ముగ్గురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు.

"ఆ కాదన్న ఇద్దరిలో నేనొకణ్ణి," అన్నాడట ఆయన. అని, భువన వంగిన దాని కన్నా కిందికి వంగి ఆమెకు నమస్కరించాడు.

ఇంటికి వచ్చే రైల్లో సీటు దొరికినా భువన కూర్చోలేదు. సంచీ భుజాన వేసుకుని, పైన పట్టీ పట్టుకోకుండా, కుదుపులకు తూలకుండా నిలబడింది. ఆమె ఏడుస్తుందేమోనని చక్రధర్ చూస్తున్నాడు. ఆమె మొహంలో ఆ జాడే లేదు.

"రెండో దాన్ ఏడాదికి, అత్తా," అంది. "ఆ ముసలాయన చేత కూడా అవుననిపిస్తా."

"అనిపించక యాడికి పోతావులే," అంది అత్త. ఎదుటి సీటులోని చీనా ఆమె అర్థం కాకపోయినా నవ్వితే, మా కోడలు అని గుండె మీద చెయ్యి వేసుకుని చూపించింది.

ఈరమ్మ
డెబ్బై ఒక్క ఏళ్ళు
ఇప్పుడు ఉంటున్నది ఉడ్‌ల్యాండ్స్, సింగపూర్