వెర్లీన్ తూటా పొడవు

వెర్లీన్ తండ్రి పోతూ పోతూ తన రైఫిల్ చిన్న కూతురైన ఆమె చేతిలో పెట్టిపోయాడు. దాని మీద పెద్దల్లుడు హార్లన్‌కి ఎప్పటినుంచో కన్ను. అందుకే నిరుడు క్లబ్బు పోటీలో ఆమె గుండ్లు గురి చూసే అట్ట మీద తలో దిక్కుకీ పోయేసరికి అతని సంబరం అంతా ఇంతా కాదు.

"దాన్ని గోడ మీద జింక తల పక్కన తగిలించుకో మరదలా. రెండూ అలంకారానికే!" అన్నాడు అందరి ముందూ.

వెర్లీన్ మోంటానాలో స్కూలు బస్సు నడిపే మనిషి. మంచు మీద బస్సు జారినా ఆమె చెయ్యి వణకదు. లోపం చేతిలో లేదని ఆమెకు తెలుసు. తూటాలు ఇంట్లో తనే కట్టుకుంటుంది. ఇత్తడి డొల్లలో తుపాకీమందు తూచి పోసి, మూతిలో గుండు బిగిస్తుంది. గుండు ఎంత లోతుకు దిగాలో తూటాల పుస్తకం చెప్పినంతే దించింది. కానీ నాన్న ఏళ్ల తరబడి పేల్చిన తుపాకీ అది. గొట్టం లోపల గుండుని గిర్రున తిప్పే గాడులు మొదలయ్యే చోటు అరిగి ముందుకు జరిగింది. గుండు గాడిని అందుకోవడానికి ఖాళీలో దూకాల్సి వస్తోంది. ఆ దూకే దూరం ఎంతో కొలిస్తే తప్ప లాభం లేదు.

కొలవడానికి వెంట్రుకవాసి తేడా కూడా చూపే మంచి వెర్నియర్ కొలబద్ద హార్లన్ దగ్గర ఉంది. ఆదివారం ఫుట్‌బాల్ చూస్తూ అతను సోఫాలో గుర్రుపెట్టగానే, అక్క ఐడెల్ దాన్ని కోటు జేబులో వేసుకుని చెల్లెలింటికి వచ్చేసింది.

"మొగుడికి ద్రోహం చేస్తున్నానే," అంది నవ్వాపుకోలేక.

"పుణ్యమే అక్కా. ఆయన నోటికి కాస్త విశ్రాంతి."

వెర్లీన్ పేలిపోయిన ఖాళీ డొల్ల ఒకటి తీసుకుని, మూతి దగ్గర సన్నని రంపంతో చీలిక పెట్టింది. అందులో గుండు వదులుగా గుచ్చి, తుపాకీలోకి మెల్లగా తోసింది. గాడులు తగిలిన చోట గుండు ఆగి, డొల్లలోకి వెనక్కి దిగుతుంది. బయటికి తీసి కొలిస్తే సరి.

తీసింది. డొల్ల ఒక్కటే వచ్చింది. గుండు గాడుల్లోనే ఇరుక్కుపోయింది. గొట్టం మూతి వైపు నుంచి శుభ్రం చేసే కడ్డీ పెట్టి పొడిస్తే అది టంగుమని నేల మీద పడింది. కుక్క ఎగిరి దాని మీదకు దూకింది. దాని నోట్లోంచి లాక్కునేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

మళ్ళీ కొలిస్తే ఒకసారి ఒక లెక్క, ఇంకోసారి ఇంకో లెక్క.

"అచ్చం మీ బావలాగే ఉంది. పూటకో మాట," అని ఐడెల్ మార్కర్ తెచ్చి గుండుకి నల్లగా పూసింది. ఈసారి బయటికి తీస్తే, గుండు మీద డొల్ల అంచు గీసిన గీత ఒకచోట ఉంది, అంచు ఇప్పుడు మరోచోట ఉంది.

"చూశావా! బయటికి వచ్చేటప్పుడు గాడి దీన్ని పట్టి లాగుతోంది!" అంది వెర్లీన్.

గుండుని గీత దాకా వెనక్కి తోసి కొలిచారు. మళ్ళీ మళ్ళీ కొలిచినా అదే లెక్క. పుస్తకం చెప్పినదానికంటే బియ్యపుగింజ మందం ఎక్కువ. గుండు గాడికి ఆనితే ఒత్తిడి పెరిగి ప్రమాదం కనుక, వెంట్రుకవాసి వెనక్కి ఉంచి, మందు తగ్గించి కొత్త తూటాలు కట్టింది వెర్లీన్. తీరా చూస్తే అవి తుపాకీలో తూటాలు పేర్చే పెట్టెలో పట్టలేదు! ఆమె మొహం వాడిపోయింది.

"పెట్టెలో పట్టని గౌనుని ఒంటి మీద వేసుకుని వెళ్ళమూ? చేత్తో ఒక్కొక్కటే పెట్టి కాల్చుకో," అంది అక్క.

ఈ ఏటి పోటీ రోజు అలాగే కాల్చింది.

"ఏం మరదలా, పసిపాపకి గోరుముద్దలా?" అని హార్లన్ అరిచాడు.

"తినిపిస్తున్నా బావా. మీ అట్ట మీద చూపు నిలపండి మీరు."

అట్టలు తెచ్చారు. వెర్లీన్ అట్ట మీద రంధ్రాలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని, కాఫీ కప్పు అడుగున దాగేంత చోటులోనే ఉన్నాయి. హార్లన్ అట్ట బాగానే ఉంది గానీ, అంత బాగా లేదు. అతను కాసేపు టోపీ సర్దుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా పగలబడి నవ్వి, మరదలి వీపు మీద చరిచాడు.

"మామగారు తెలివిగానే ఇచ్చారన్నమాట! ఏం చేశావో చెప్పు."

ఐడెల్ దొంగతనం ఒప్పుకుంది. హార్లన్ కోపం తెచ్చుకోబోయాడు గానీ, అది రాలేదు.

మర్నాటి ఉదయం తన తుపాకీ చంకన పెట్టుకుని వెర్లీన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నాది కూడా అరిగుంటుందంటావా?"

"పుస్తకం చెప్పే లెక్క గుమ్మం బయటే వదిలేసి లోపలికి రండి బావా," అని ఆమె కాఫీ పోసింది.